మందు పడని మనిషి

1987-88 పత్తి ఏడాది మాట ఎత్తితే మా పర్చూరు వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ కాసేపు మౌనంగా ఉండిపోతారు. తెల్లదోమ కమ్మేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. పంట పోయి, అప్పులు నెత్తిన పడి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల గురించి పత్రికలు రాశాయి. ఆ మందు పీల్చి బతికి బయటపడ్డవాళ్ల గురించి రాసింది తక్కువ. వాళ్లలో మా పిన్ని ఒకామె.

మగవాళ్లు పంపు వీపున వేసుకుని సాళ్లలో తిరుగుతుంటే, ఆడవాళ్లు కాలవ నుంచి నీళ్లు మోసి డ్రమ్ములో మోనోక్రోటోఫాస్ మందు కలిపేవాళ్లు. చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. ఓ మధ్యాహ్నం గాలి ఎదురు తిరిగింది. పిన్నికి ఒళ్లంతా చెమటలు పట్టి, నోట్లో చొంగ కారి, కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. ట్రాక్టర్ మీద ఊళ్లోంచి ఆసుపత్రికి తీసుకుపోయాం. నరాల సందేశాన్ని ఎప్పటికప్పుడు ఆపే ఎంజైమును ఈ మందు పనిచేయనివ్వదు. అట్రోపిన్ ఇంజెక్షన్లు పడ్డాక గానీ ఆమె తేరుకోలేదు.

తేరుకుంది, కానీ మునుపటి మనిషి కాలేదు. పక్క చేలో మందు కొడితే చాలు, తల పగిలిపోయేది, ఊపిరి ఆడేది కాదు. తర్వాత్తర్వాత ఫినాయిల్, దోమల చుట్ట, అగరొత్తి కూడా పడకుండా పోయాయి. చిత్రమేమిటంటే మిరప కల్లంలో కూర్చుని రోజంతా తాలు కాయలు ఏరేది. ఆ ఘాటుకు అందరిలాగే దగ్గేది, తుమ్మేది. అంతే. వాసనంటే భయపడే మనిషి అక్కడ ఎలా కూర్చుంటుంది?

పట్నంలో చూపిస్తే ఒక మనోవైద్యుడు, "ఇది ఒంటి జబ్బు కాదమ్మా, భయం. ఫినాయిల్ సీసా దగ్గర పెట్టుకుని రోజూ కాస్త వాసన చూడు, అదే అలవాటవుతుంది" అన్నారు. చెప్పినట్టే చేసింది. సీసా మూత తీసిన ప్రతిసారీ వాంతి చేసుకుంది. ఊపిరి కసరత్తులు నేర్పారు. వాటితో నిద్ర పట్టింది, ఆ మేలు నేను కాదనను. వాసన బాధ మాత్రం ఇసుమంత తగ్గలేదు. "నాకు పిచ్చంటున్నారా అబ్బాయ్?" అని నన్నడిగింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

ఇలాంటి బాధలకు అమెరికాలో మార్క్ కల్లెన్ అనే వైద్యుడు 'మల్టిపుల్ కెమికల్ సెన్సిటివిటీ' అని పేరు పెట్టింది కూడా ఆ 1987లోనే. ఏ గాలి వదిలారో చెప్పకుండా పరీక్షిస్తే, రసాయనం లేని గాలికీ కొందరికి అవే లక్షణాలు వచ్చాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. దాన్ని నేను దాచను. అయితే జబ్బు మనసుదేనని తేల్చినప్పుడు, మనసుకు చేసే వైద్యంతో అది తగ్గాలి కదా! 2015లో డెన్మార్క్‌లో వెలువడిన అధ్యయనంలో మైండ్‌ఫుల్‌నెస్ చికిత్స తర్వాత రోగులు జబ్బును చూసే తీరు కొంత మారింది గానీ, జబ్బు తీవ్రత తగ్గలేదు. పిన్ని విషయంలో మేం చూసిందీ ఇంచుమించు అదే.

ఆమెకు పనికొచ్చింది మరొకటి. ఇంటి పక్క చేలవాళ్లు మందు కొట్టే ముందురోజే కబురు చెప్పేవాళ్లు. ఆమె చీరాలలో అక్క ఇంటికి పోయేది. ఇంట్లో బాబాయి అగరొత్తులు మానేశాడు. అలా ఆమె మళ్లీ కడుపునిండా తిని, కల్లానికి పోగలిగింది.

పత్తి, మిరప ఊళ్ల నుంచి వచ్చే మనిషి వాసన పడటం లేదంటే, చీటీ మీద భయం అని రాసేముందు డాక్టర్లు ఒక్క సంగతి అడగాలి: ఏ మందు కలిపావమ్మా, ఎన్నేళ్లు కలిపావు? మా పిన్నిని ఆ పట్నం ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు.