అమ్మ చెప్పిన బగ్గు

"గీజరు నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా" అని అమ్మ ఫోన్లో రెండుసార్లు చెప్పింది. "ఎంసీబీ ఉందిగా అమ్మా, ఏం కాదు, చెప్పులేసుకో" అన్నాను. ఇంజినీరింగు చదివినవాడి సలహా అది! ఆఫీసులో టెస్టరు బగ్గు చెప్తే "నా మెషీన్లో బానే ఉందే" అంటాం చూడండి, అచ్చు అలాగే.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ జివ్వు నాకే తగిలింది. అప్పుడొచ్చింది బుద్ధి.

గీజరు ఎంసీబీ 16 యాంపులది. అంతకు మించి లాగితే తప్ప అది పడదు. మనిషి ప్రాణం పోవడానికి యాంపులో పదో వంతు చాలు. అంటే ఎంసీబీ కాపాడేది వైరుని, అమ్మని కాదు. ఆర్‌సీసీబీ లెక్క వేరు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో పూర్తిగా తిరిగొచ్చిందా లేదా అని చూస్తుంది. 30 మిల్లీయాంపులు తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే పడిపోతుంది. కాకపోతే దానికి ఓవర్‌లోడు పట్టదు. అందుకే రెండు పనులూ చేసే ఆర్‌సీబీఓ తెచ్చి, పాత ఎంసీబీ స్థానంలో పెట్టించాను. దీన్లోంచి న్యూట్రల్ కూడా వెళ్ళాలి, ఆ మాట ఎలక్ట్రీషియనుకి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

తీరా గీజరు వేస్తే టప్పున పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. "ఈ పీసు మంచిది కాదు సార్, పాతదే పెట్టేస్తా" అన్నాడతను. నిజం చెప్పొద్దూ, నేనూ సరే అనబోయాను. ఎర్రర్ వస్తోందని చెకింగే తీసేసిన కోడు మనం ఎంత చూళ్ళేదు! గీజరు వైరు విప్పి చూద్దామన్నాను. విప్పాక పడలేదు. లోపల ఎలిమెంటు చిట్లి ఉంది. పెరట్లో ఎర్తు గొయ్యి ఎప్పుడో ఎండిపోయింది. లీకైన కరెంటు భూమిలోకి సరిగ్గా దిగక, ఎంసీబీ పడేంత పారక, గీజరు ఒంటి మీదే కూర్చుంది. పీసు మంచిదే, పాడైంది గీజరు.

ఎలిమెంటు మార్చాం, ఎర్తు కొత్తగా వేయించాం. "నేను ముందే చెప్పాగా" అంది అమ్మ. నా దగ్గర సమాధానం లేదు.

ఒక్క మాట. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఇదీ కాపాడలేదు. మిగతా వాటికి మాత్రం పెట్టించుకోండి. ఉంటే, అప్పుడప్పుడూ దాని టెస్టు బొత్తాం నొక్కి చూడండి. పడకపోతే, అది ఉన్నా లేనట్టే.