చేజర్లలో ఏనుగు వీపు

నాగార్జునకొండ, మాచర్ల చెన్నకేశవస్వామి గుడి, గురజాలలో ఒక రాత్రి. మూడు రోజులు ఇట్టే గడిచాయి. నాలుగో రోజు పొద్దున చూసిన చేజర్ల మాత్రం ఇంకా కళ్లలోనే ఉంది.

నరసరావుపేట నుంచి మా చిన్నాన్నతో వెళ్లాను. నలభై ఏళ్లు తాపీ పని చేసిన మనిషి. పల్నాడులో పాత ఇళ్లంటే నాపరాళ్లు పరిచిన చదును కప్పులే. ఆ కప్పులు చూసి చూసి కపోతేశ్వరస్వామి గుడి ఆవరణలోకి వచ్చేసరికి చూపు పైకే పోయింది. రాతి మండపం వెనక, పడుకున్న ఏనుగు వీపులా వంగిన ఇటుక కప్పు! గర్భగుడి వెనక గోడ కూడా గుండ్రంగా తిరిగిపోయింది. దీన్నే గజపృష్ఠం అంటారు.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి బౌద్ధ చైత్యమే శివాలయమైందని చాలామంది చరిత్రకారుల మాట. పావురం కోసం ఒళ్లు కోసిచ్చిన శిబి చక్రవర్తే ఇక్కడ లింగమయ్యాడని స్థలపురాణం. ఆ శిబి కథ బౌద్ధ జాతకాల్లోనూ ఉంది, నాగార్జునకొండ శిల్పాల్లోనూ ఉంది. అక్కడ ఇదే ఆకారపు చైత్యగృహాలకు పునాదులే మిగిలాయి. వాటి కప్పు ఎలా ఉండేదో అక్కడ ఎంత ఊహించినా అందలేదు. ఇక్కడ తలెత్తితే చాలు. ఇలా ఇటుక కప్పుతో మిగిలినవి దేశంలోనే బహు అరుదు. మహారాష్ట్రలో తేర్ ఊరి త్రివిక్రమాలయం దీనికి తోబుట్టువు.

వెదురు వంచి కట్టిన గుడిసెల నుంచి వచ్చిన వంపు ఇది. గుంటుపల్లిలో బౌద్ధ గుహల కోసం కొండను తొలిచినవాళ్లు రాతి కప్పులో కూడా వాసాలు చెక్కారు. ఇక్కడివాళ్లు ఇటుకలను వరస వరసకీ కాస్త లోపలికి జరుపుతూ రెండు గోడలనూ పైన కలిపారు. చదివింది చిన్నాన్నకు చెప్పాను.

"అయితే ఇది ఆర్చి కాదురా. ఆర్చిలో ఇటుక ఏటవాలుగా ఉండి గోడల్ని పక్కలకి నెడుతుంది. అది బిగిసేదాకా కింద సెంట్రింగ్ కావాలి. ఇందులో ఇటుక పడుకునే ఉంటుంది."

అరుగు మీద కూర్చుని నాపరాతి ముక్కలు ఏరాడు. ఒకదాని మీద ఒకటి, ప్రతిదీ రెండు వేళ్లు ముందుకు. నాలుగోది పెట్టగానే కూలింది. మళ్లీ పేర్చాడు. ఈసారి ఒక్కో ముక్క వెనక కొసన ఓ గులకరాయి పెట్టుకుంటూ వచ్చాడు. నాలుగోది నిలిచింది. ఐదోదీ నిలిచింది.

"బరువంతా వెనకుండాలి. గోడ అంత మందంగా ఎందుకు కట్టారో చూడు."

దర్శనం అప్పుడే అయిపోయింది. అయినా లేచి మళ్లీ గుడి చుట్టూ బయల్దేరాడు, అరచెయ్యి గోడకు ఆనించి, కప్పు అంచునే చూస్తూ.