ఎత్తుకెళ్లిన పాట... ఎత్తుకున్న పాట!

సినిమా పత్రికలకి ముక్కకింత అని రాసుకు బతికేవాళ్లకి కరువు రోజుల్లో కూడా అన్నం పెట్టే వ్యాసం ఒకటుంది. 'ఫలానా పాట ఫలానా ఇంగ్లీషు పాటకి కాపీ!' అన్నదే ఆ వ్యాసం. పాఠకులు ఎగబడి చదువుతారు. ఎడిటరుగారు "ఇలాంటిదే ఇంకోటి పట్రావయ్యా" అంటారు. బి.ఏ. పాసై హైదరాబాదు వచ్చిన కొత్తలో నేనూ అలాంటివి చాలానే రాశాను. దొంగల్ని పట్టే పోలీసునని లోలోపల పొంగిపోయేవాణ్ణి కూడా!

ఆ పొగరు ఎలా దిగిందో చెబుతాను, వినండి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. కృష్ణానగర్‌లో మేడ మీద రేకుల గది. అద్దెలో సగం నాది, సగం కోనసీమ నుంచి వచ్చిన ఓ కుర్రాడిది. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. కీబోర్డు వాయిస్తాడు. పగలంతా ఓ సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామింగు పని. రాత్రి పన్నెండు దాటాక గదికొచ్చి, చల్లారిన ఇడ్లీలు తిని, ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో, రెండోది నా చెవిలో పెట్టి "ఇది వినండన్నయ్యా" అనేవాడు.

ఓ రాత్రి రెండు గంటలకి అలాగే ఒకటి వినిపించాడు. మాటల్లేవు. ఓ స్వరాల ముక్క మెల్లగా నాలుగడుగులు వేసి, బయల్దేరిన చోటికే మళ్లీ వస్తోంది. దాని కింద తాపీగా డ్రమ్ము. ఎక్కడా తొందర లేదు. నాకెందుకో మా తాతయ్యగారి అరుగు, వాన వెలిసిన రాత్రి, పక్కింటి రేడియో గుర్తొచ్చాయి. అంతవరకూ నేనెన్నడూ వినని పాటకి ఆ జ్ఞాపకాలెలా వచ్చాయో!

"ఎవర్రా ఇతను?"

"నుజాబెస్. జపాను ఆయన. అసలు పేరు జున్ సెబా. 'సెబా జున్' అని ఇంగ్లీషులో రాసి, వెనక నుంచి చదవండన్నయ్యా!"

చదివాను. నుజాబెస్!

టోక్యోలోని షిబుయాలో రికార్డుల కొట్టు నడిపిన మనిషట. 2003లో 'మెటఫారికల్ మ్యూజిక్', 2005లో 'మోడల్ సోల్' అనే ఆల్బములు తెచ్చాడు. ఈ రెంటి మధ్య, 2004లో షినిచిరో వతనబే తీసిన 'సమురాయ్ చాంప్లూ' అనే టీవీ బొమ్మల కథకి సంగీతం ఇచ్చినవాళ్లలో ఇతనొకడు. కత్తులు పట్టుకు తిరిగే పాతకాలపు సమురాయిల కథకి హిప్ హాప్! మన కాంతారావుగారి కత్తియుద్ధం వెనక అలాంటి డ్రమ్ము పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ మాత్రం అతికినట్టు కుదిరింది!

"అయితే ఈ స్వరాలన్నీ ఇతను కట్టినవేనా?"

"కాదన్నయ్యా, పాత జాజ్ రికార్డులోంచి కోసుకున్నవి. శాంప్లింగ్ అంటారు."

"అంటే కాపీయేగా!" అని నవ్వాను. వాడు నవ్వలేదు.

మేము విన్న ఆ పాట పేరు 'ది ఫైనల్ వ్యూ'. దాని వెనక కథ వాడే చెప్పాడు. 1960లో స్టాన్లీ కూబ్రిక్ 'స్పార్టకస్' సినిమా వచ్చింది. అందులో నాయికా నాయకుల ప్రేమకి అలెక్స్ నార్త్ ఓ రాగం కట్టాడు. డెట్రాయిట్‌లో పెరిగిన జాజ్ విద్వాంసుడు యూసఫ్ లతీఫ్ 1961లో ఆ రాగాన్నే ఓబో అనే ఊదే వాయిద్యం మీద పలికించి 'ఈస్టర్న్ సౌండ్స్' రికార్డులో పెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత టోక్యోలో నుజాబెస్ ఆ రికార్డులోంచే ఓ ముక్క తీసుకుని, దాన్ని తిప్పి తిప్పి పేర్చి, కింద డ్రమ్ము వేశాడు.

"హాలీవుడ్‌లో పుట్టింది కృష్ణానగర్ దాకా వచ్చిందన్నయ్యా. దొంగసొమ్మైతే ఇంత దూరం ఇంత జాగ్రత్తగా ఎవరైనా మోసుకొస్తారా?" అన్నాడు.

బాగానే ఉందనుకున్నాను. అనుకుని మర్చిపోయాను. అదీ నా తప్పు!

కొన్ని నెలలకి ఓ చిన్న సినిమా విడుదలైంది. ప్రివ్యూలో కూర్చున్నాను. హీరోయిను ఒంటరిగా బస్సు దిగే సీను. వెనకాల నాలుగు సెకన్ల సంగీతం వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ ముక్క నేను విన్నదే! ఏదో పాత జాజ్ రికార్డులోది. ఆ రాత్రే కూర్చుని 'జాజ్ దొంగలు దొరికారు!' అని రాసిపారేశాను. అచ్చయింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ సీనుకి సంగీతం పేర్చింది మావాడే. సినిమా విడుదలయ్యాక చెప్పి నన్ను ఆశ్చర్యపరుద్దామని దాచాడట. ఆ రికార్డు వాళ్ల అనుమతి అడగండని, టైటిల్సులో పేరు వేయండని పెద్దాయన్ని బతిమాలాడట కూడా. ఆ పని జరగలేదు గానీ, నా వ్యాసం రాగానే నింద మాత్రం వాడి నెత్తిన పడింది. ఉన్న పని పోయింది.

కీబోర్డు సంచిలో పెట్టుకుంటూ వాడు ఒక్కమాటే అన్నాడు.

"ఆ రికార్డు మీకు వినిపించింది నేనే కదన్నయ్యా."

మర్నాడు పొద్దున్నే కోనసీమ బస్సెక్కాడు.

తర్వాత ఒంటరి రాత్రుళ్లలో ఈ సంగీతం వెంట నేనూ పడ్డాను. అనుమతి లేకుండా ఇతరుల రికార్డు ముక్క వాడుకోవడం తప్పేనని 1991లోనే న్యూయార్కు కోర్టు ఒకటి తీర్పు చెప్పింది. కాబట్టి చట్టం లెక్కన నేను రాసింది అబద్ధం కాదు. కానీ నిజమంతా అదేనా?

1990లో ట్రాయ్ డిక్సన్ అనే హిప్ హాప్ కుర్రాడు ప్రమాదంలో పోయాడు. స్నేహితుడు పీట్ రాక్‌కి ఆ దుఃఖం తీరలేదు. 1967 నాటి టామ్ స్కాట్ రికార్డులో ఓ శాక్సఫోను పిలుపు దొరికింది. ఆ పిలుపు మీదే సి.ఎల్. స్మూత్‌తో కలిసి 1992లో ఓ పాట చేశాడు. పోయినవాణ్ణి తలుచుకునే పాట అది. ఇప్పటికీ జనం వింటున్నారు. దాన్ని దొంగతనమని ఏ నోటితో అంటాం?

డెట్రాయిట్‌కే చెందిన జె డిల్లా మరో చిత్రమైన మనిషి. డ్రమ్ము దెబ్బల్ని గీత గీసినట్టు సరిచేసే సదుపాయం యంత్రంలో ఉన్నా, చాలాసార్లు దాన్ని ఆపేసి వేళ్లతోనే కొట్టేవాడు. అందుకే అతని తాళం నిద్రమత్తులో నడిచే మనిషి అడుగులా ఓ క్షణం వెనకబడుతుంది. ఆ యంత్రాన్ని ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో పెట్టారు. అతని 'డోనట్స్' ఆల్బము 2006 ఫిబ్రవరి 7న, సరిగ్గా అతని 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజులకే జబ్బుతో కన్నుమూశాడు.

డిల్లా, నుజాబెస్ ఇద్దరూ పుట్టింది ఒకే రోజు... 1974 ఫిబ్రవరి 7! సినిమాలో పెడితే నమ్మం కదూ? నుజాబెస్ కూడా 2010 ఫిబ్రవరి 26న టోక్యోలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ముప్పయ్యారేళ్లు. ఇవాళ మీరు పరీక్షల ముందు రాత్రి ఫోనులో పెట్టుకునే లో-ఫై సంగీతానికి ఈ ఇద్దరినీ పెద్దన్నలుగా చెప్పుకుంటారు.

మనం చూడని కాలం మీద ఈ పాటలకి అంత బెంగ ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమైంది. అందులో ఉన్నది ఎప్పుడో, ఎవరో, ఏదో గదిలో ఊపిరి పోసి వాయించిన స్వరం. ఆ రికార్డు మీది చిరచిర శబ్దాన్ని కూడా ఒక్కోసారి తుడిచెయ్యకుండా ఉంచేస్తారు. పాటని ఎత్తుకెళ్లేవాడు ఆనవాళ్లు చెరిపేస్తాడు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు 'ఇది ఫలానావారి బిడ్డ' అని పదిమందికీ చెబుతాడు. తేడా అంతా అక్కడుంది.

ఆ లెక్కన ఆ రోజు ఎత్తుకెళ్లింది ఎవరండీ? మావాడు నాలుగు సెకన్లు తీసుకుని పేరు వేయమని అడిగాడు. నేను వాడి చెవినే తీసుకున్నాను. వాడి పేరు మాట అటుంచి, ఒక స్నేహితుడు వినిపించాడన్న ముక్క కూడా రాయలేదు.

రెండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. క్షమాపణ చెబుతూ మెసేజి పెట్టాను. చూశాడు, జవాబు లేదు. అమలాపురంలో పిల్లలకి కీబోర్డు నేర్పుతున్నాడని ఎవరో చెప్పారు.

వాడి పేరు ఇక్కడ రాయను. అడక్కుండా వాడిది వాడుకోవడం ఒకసారి చాలు. కానీ ఈ పత్రిక వాడి కంటపడకపోదు. సినిమా పత్రికలంటే వాడికి పిచ్చి!

తమ్ముడూ, ఆ రికార్డు నాకు వినిపించింది నువ్వే. ఆనాడే రాయాల్సిన మాట ఇది. ఎనిమిదేళ్లు ఆలస్యంగా రాస్తున్నాను.