పడవ, ఇంజను, ఎనిమిది నెలల పెట్రోలు

మా నలుగురికీ కలిపి ఒక పడవ ఉంది. బోటు అనగానే మీకు సినిమాల్లో హీరో తెల్ల చొక్కా వేసుకుని నడిపేది గుర్తొస్తే, మాదానికి అంత సీన్ లేదు. నాగాయలంకలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 16 అడుగుల ఫైబర్ పడవ, వెనక 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజను. ఇంజనీరింగ్‌లో ఒకే రూములో ఉన్న నలుగురం 2022లో బోనస్ డబ్బులు కలిపి కొన్నాం. ఆటోనగర్లో వెల్డింగ్ చేయించిన ట్రెయిలర్ మీద, మా నాన్న బొలేరో వెనక కట్టుకుని ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ దాటి తీసుకెళ్ళేవాళ్ళం. నాగాయలంక రేవులో దింపి ఎదురుమొండి వైపు ఓ చక్కర్. వారమంతా స్టాండప్ మీటింగుల్లో నలిగినవాడికి ఆ గాలి ఎంత హాయో చెప్పక్కర్లేదు.

రెండేళ్ళు తిరిగేసరికి మనవాళ్ళకుండే జబ్బు మాకూ పట్టింది. ఉన్న లాప్‌టాప్‌లో చెత్త తీసెయ్యం గానీ కొత్త ర్యామ్ మాత్రం కొంటాం కదా, అదన్నమాట. 2024 సంక్రాంతికి 25 తీసేసి 40 హార్స్‌పవర్ ఇంజను బిగించాం. పాతదానికన్నా దాదాపు ఇరవై కిలోలు బరువు ఎక్కువ. రేవులో ఉండే సరంగు ఒకాయన అది చూసి, "ఇంజను బానే ఉంది బాబూ, వెనక చెక్క సంగతి చూసుకున్నారా?" అన్నాడు. పడవ వెనక పలక మీద వేలి కణుపులతో అక్కడక్కడా కొట్టి చూపించాడు. పక్కన టక్‌టక్‌మన్న చప్పుడు, ఇంజను బోల్టుల దగ్గర మొద్దుగా వచ్చింది. ఫైబర్ లోపల ప్లైవుడ్ నీళ్ళు తాగిందని ఆయన చెప్పాడు. మేము నవ్వి, సెల్ఫీ దిగి వచ్చేశాం.

ఆ రోజు ఉప్పునీళ్ళలో మునిగిన ట్రెయిలర్‌ని అలాగే లాక్కొచ్చి, కానూరులో మా ఇంటి షెడ్డులో పెట్టి, పైన టార్పాలిన్ కప్పాం. ట్యాంకులో సగం పెట్రోలు ఉంది. ఆ తర్వాత ఒకడికి ప్రాజెక్టు రిలీజు, ఒకడికి పెళ్ళి, నాకు ఉద్యోగం మార్పు. ఎనిమిది నెలలు ఎవరూ టార్పాలిన్ ఎత్తలేదు.

ఆగస్టు చివర్లో వీకెండుకి ఇంటికొచ్చాను. ఆ శనివారం, ఆదివారం విజయవాడలో ఏం జరిగిందో మీకు తెలుసు. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగిపోయింది. మా బాబాయి వాళ్ళిల్లు అక్కడే. బాబాయి, పిన్ని, నాయనమ్మ ముగ్గురూ మేడ మీదకి ఎక్కారు. నాయనమ్మకి సుగరు. ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లో, ఫ్రిజ్ నీళ్ళలో. ఆదివారం బాబాయి ఫోన్ చేశాడు. "రేపు పడవ తీసుకొచ్చేస్తాం, కంగారు పడకండి" అన్నాను. తర్వాత వాళ్ళ ఫోన్ ఆగిపోయింది.

సోమవారం పొద్దున్న, సెప్టెంబరు 2న, పడవతో బయల్దేరాం. రామవరప్పాడు రింగు దాకా కూడా వెళ్ళలేదు, ట్రెయిలర్ కుడి చక్రం నుంచి పొగ. బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. అటుగా వెళ్తున్న ఒక ట్రాక్టరాయన్ని బతిమాలి, పడవని ట్రక్కులోకి ఎక్కించి, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరికి చేరేసరికి పది దాటింది. నీళ్ళలో దింపి తాడు లాగాం. ఇంజను దగ్గు కూడా దగ్గలేదు. నలుగురం వంతులేసుకుని అరచేతులు బొబ్బలెక్కేదాకా లాగాం. మా పక్కనుంచి వేరే పడవలు వెళ్తున్నాయి, వస్తున్నాయి.

చివరికి 40 హార్స్‌పవర్‌ని పైకెత్తి కట్టేసి, వినాయక చవితి పందిరి కోసం తెచ్చిన వెదుళ్ళు రెండు అడిగి తీసుకున్నాం. వాటినే గడలుగా వేసి, లోతు తక్కువున్నచోట దిగి తోసుకుంటూ వెళ్ళాం. కిలోమీటరు కూడా లేని దూరానికి రెండున్నర గంటలు పట్టింది. దారిలో తెలిసిన ఇంకో విషయం ఏంటంటే, ఇంజను స్టార్టయినా ఆ వీధుల్లో పెద్దగా పనికొచ్చేది కాదు. నీళ్ళ కింద బైకులు, ప్రహరీ గోడలు, కేబుల్ వైర్లు. ఫ్యానుకి ఏది తగిలినా అంతే. పెద్ద రోడ్డు మీద మాత్రం గంటకు పైగా కలిసొచ్చేది.

మేడ ఎక్కేసరికి నాయనమ్మ సగం స్పృహలో ఉంది. బాబాయి నన్ను తిట్టలేదు. "నిన్న సాయంత్రం ఒక పడవ వచ్చిందిరా. ఇద్దరికి చోటుందన్నారు. మా అబ్బాయి పడవ వస్తోంది, మీరు చంటిపిల్ల ఉన్నవాళ్ళని తీసుకెళ్ళండి అన్నాను" అన్నాడు, అంతే. నాయనమ్మ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకుంది. ఆ మాట మాత్రం నన్ను ఇంకా వదల్లేదు. బ్యాకప్ ఉందని క్లయింటుకి ధైర్యంగా చెప్పి, ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడనివాడిని నేను.

తర్వాత నాగాయలంక నుంచి మెకానిక్ వచ్చి కార్బురేటర్ విప్పాడు. లోపల జిగురు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకులో నీరు అడుక్కి చేరింది, కార్బురేటర్లో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి జిగురు జెట్లని మూసేసింది. అంతే సంగతి. రెండు వందల రూపాయల క్లీనర్, గంట పని.

పడవ ఉన్నవాళ్ళకీ, కొనాలనుకునేవాళ్ళకీ నేను నేర్చుకున్నది చెప్తాను. పడవని నడిపిన రోజులకంటే నడపని రోజులే ఎక్కువ పాడుచేస్తాయి.

షికారు అయ్యాక పెట్రోలు పైపు పీకేసి, ఇంజను దానంతటది ఆగేదాకా నడవనివ్వండి. కార్బురేటర్ ఖాళీ అవుతుంది. నెల దాటి పక్కన పెట్టేటట్టయితే ట్యాంకు ఖాళీ చెయ్యండి. ఉప్పునీళ్ళలో తిరిగితే ఇంటికి రాగానే మంచినీళ్ళ డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడపండి. పక్కనుంచి సన్నటి నీటిధార రావాలి. రాలేదంటే లోపల రబ్బరు ఇంపెల్లర్ పోయినట్టో, దారి మూసుకుపోయినట్టో. వెంటనే ఆపండి. నీళ్ళు లేకుండా మాత్రం స్టార్ట్ చెయ్యొద్దు, క్షణాల్లో ఇంపెల్లర్ కాలిపోతుంది. గేర్ ఆయిల్ పాలలాగా తెల్లగా కనిపిస్తే సీలు పోయి లోపలికి నీళ్ళు వెళ్తున్నాయని అర్థం. ఇంజను కింద ఉండే జింకు ముక్క తుప్పుని తనమీద వేసుకుని మిగతా లోహాన్ని కాపాడుతుంది, సగం అరిగితే మార్చండి.

ట్రెయిలర్ విషయంలో, దూరం లాక్కొచ్చి వేడిగా ఉన్న చక్రాలని వెంటనే నీళ్ళలో ముంచొద్దు. వేడి బేరింగు ఒక్కసారిగా చల్లబడి లోపలికి నీళ్ళు పీల్చుకుంటుంది. రేవు దగ్గర టీ తాగి, చక్రం చేత్తో పట్టుకుని చూసి దింపండి. దింపే ముందు లైట్ల వైరు పీకండి. వచ్చాక హబ్బులకి గ్రీజు పెట్టండి. మొత్తం బరువులో పదోవంతు దాకా కొక్కెం మీద పడేలా పడవని సర్దుకోవాలి, లేకపోతే స్పీడులో ట్రెయిలర్ అటూఇటూ ఊగి కారుని కూడా లాగేస్తుంది. ట్రెయిలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, మర్చిపోకండి. అలాగే 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం, నదిలో తిరిగే ఇంజను పడవకీ కాగితాలు ఉండాలి.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. ముందు వెనక పలక తట్టి చూడండి, మొద్దు చప్పుడొస్తే పలక బాగుచేయించాకే ఇంజను మాట. మాది బోల్టుల చుట్టూ పగుళ్ళు ఇచ్చింది. ఇంజను కన్నా ముందు ఫ్యాను చూసుకోండి. ఫుల్ థ్రాటిల్లో ఆర్‌పీఎం మాన్యువల్లో చెప్పిన పరిధి దాటుతుంటే పిచ్ పెంచాలి, అందుకోలేకపోతే తగ్గించాలి. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది. మిగిలిన డబ్బులతో మంచి లైఫ్ జాకెట్లు, రెండు తెడ్లు, ఒక గడ, లంగరు, గట్టి తాడు కొనండి. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర బోల్తాపడిన బోటులో 20 మందికి పైగా పోయారు, చాలామందికి జాకెట్లు లేవు. తాడు సంగతి కూడా తక్కువ చెయ్యొద్దు. సింగ్‌నగర్ మునిగిన ఆ రోజుల్లోనే వరదకి కొట్టుకొచ్చిన పెద్ద బోట్లు ప్రకాశం బ్యారేజీని గుద్దుకుంటే గేట్ల కౌంటర్ వెయిట్లు విరిగాయి. వాటిని బయటికి లాగడానికి రోజులు పట్టింది. కట్టు తెంచుకున్న పడవ ఎవరిదైనా ఒకటే, ఎదురుగా ఏదుంటే దాన్ని గుద్దుతుంది.

మేము 40 అమ్మేశాం. పలక మార్పించి పాత 25 మళ్ళీ బిగించాం. నెలకోసారి, మొదటి ఆదివారం, నలుగురిలో విజయవాడలో ఎవరుంటే వాళ్ళు డ్రమ్ములో పెట్టి ఇంజను స్టార్ట్ చేసి, చక్రాలు తిప్పి చూసి, వాట్సాప్‌లో వీడియో పెట్టాలి. పెట్టనివాడు బిర్యానీ పెట్టించాలి. మొన్న వంతు నాది. రెండో లాగుడికే అందుకుంది. చప్పుడు విని బయటికొచ్చిన నాయనమ్మ, "ఇప్పుడేం వరదలు లేవుగా, ఎందుకురా ఆ గోల?" అంది.

అందుకే నాయనమ్మా.