లేబుల్ లేని డీజేలు

మా చిన్నాయనకు మైక్‌సెట్ ఉండేది. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఏ పెండ్లయినా ఆయన రెండు బాక్సులు, ఆంప్లిఫయర్, బ్యాగు నిండా క్యాసెట్లు వెళ్లాల్సిందే. బరాత్‌లో ఏ ముక్కకి జనం ఊగుతున్నారో ఇట్టే పట్టేసేవాడు. పల్లవి, చరణం వదిలేసి డప్పు దరువు వచ్చే ముక్కనే వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వేసేవాడు. "పాటంత ఎందుకురా, కాళ్లు లేసే కాడ పట్టుకుంటే సాలు" అనేవాడు.

ఇంజినీరింగ్‌లో చేరాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఏం చేస్తారంటే "వ్యవసాయం" అని ఊరుకునేవాణ్ని. ఫోన్ నిండా మాత్రం ర్యాప్ పాటలే. అది మా ఊరికి సంబంధం లేని గొప్ప లోకం అనుకునేవాణ్ని.

ఈమధ్య ఓ రాత్రి ఆఫీసు పనిలో డిప్లాయ్‌మెంట్ పూర్తయ్యేదాకా మేల్కొని ఉండాల్సి వచ్చింది. హిప్‌హాప్ ఎలా పుట్టిందో చదువుతుంటే డీజే కూల్ హెర్క్ తగిలాడు. అసలు పేరు క్లైవ్ క్యాంప్‌బెల్. 1955లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. 1967లో, పన్నెండేళ్ల వయసులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌కి వచ్చాడు. మనిషి దిట్టంగా ఉంటాడని తోటి పిల్లలు హెర్క్యులిస్ అన్నారు. అదే హెర్క్ అయింది.

1973 ఆగస్టు 11. స్కూల్ తెరిచేలోపు చెల్లెలు సిండీకి కొత్త బట్టలు కొనుక్కోవాలని ఉంది. డబ్బుల కోసం వాళ్లుండే 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ బిల్డింగ్ హాల్లో పార్టీ పెట్టింది. టికెట్ అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. డీజే ఎవరంటే అన్నే.

పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కను బ్రేక్ అంటారు. డాన్సర్లు దానికోసమే కాచుకుని ఉంటున్నారని హెర్క్ గమనించాడు. కానీ అది ఉండేది కొన్ని సెకన్లే. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టుకున్నాడు. ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టి, ఈలోపు మొదటిదాన్ని వెనక్కి తిప్పేవాడు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, లూప్! ఆ బ్రేక్‌కి ఆడేవాళ్లే బీ-బాయ్స్ అయ్యారు. పక్కన స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పట్టుకుని, వచ్చినవాళ్ల పేర్లు పిలుస్తూ బీటుకి మాట కలిపేవాడు. ర్యాప్‌కి అదే మొదలు.

చదువుతూ ఆగిపోయా. కాళ్లు లేసే కాడ పట్టుకోవడం అంటే ఇదే కదా!

తను వేసే రికార్డు ఏదో పోటీ డీజేలకు తెలియకూడదని హెర్క్ లేబుళ్లను నీళ్లలో నానబెట్టి పీకేసేవాడు. కానీ అందరి ముందూ చేసే పనిని ఎలా దాస్తాడు? చూసినవాళ్లు నేర్చుకున్నారు, ఇంకా మెరుగు పెట్టారు. 1977లో ఓ పార్టీలో కత్తిపోట్లకు గురై వెనక్కి తగ్గాడు. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ చేసిన 'ర్యాపర్స్ డిలైట్' పెద్ద హిట్టయింది. అప్పటికి హెర్క్ పేరు మీద ఒక్క రికార్డు కూడా లేదు. తండ్రి పోయాక డ్రగ్స్‌లో పడ్డాడు, బయటికొచ్చాడు. 2011లో జబ్బు చేస్తే హెల్త్ ఇన్సూరెన్స్ లేదు, అభిమానులు ముందుకు రావాల్సి వచ్చింది. చివరికి 2023లో, ఆ పార్టీ జరిగిన యాభై ఏళ్లకు, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గుర్తించింది.

తెల్లారగానే చిన్నాయనకు ఫోన్ చేశా. పెద్ద పెద్ద డీజే బండ్లు వచ్చాక ఆయన మైక్‌సెట్ అమ్మేసి ఆటో నడుపుతున్నాడు. ఆ బండ్ల మీద ఉన్న పిల్లల్లో సగం మంది ఆయన దగ్గర వైర్లు మోసి నేర్చుకున్నవాళ్లే.

"కోపం రాదా చిన్నాయనా?" అనడిగా.

"కోపమెందుకు బిడ్డా, ఆళ్లు మంచిగనే కొడుతుండ్రు. గాని ఎవల దగ్గర నేర్సుకున్నవ్ అంటే నా పేరు చెప్తలేరు. గదొక్కటే."

నేను మాత్రం ఏం చెప్పాను? ఆ పిల్లలు పేరు చెప్పలేదు, నేనైతే ఆ మనిషే లేడన్నట్టు ఉన్నాను. ఆఫీసులో ఎవరి కోడో వాడుకుంటే రాసినవాళ్ల పేరు ఫైల్లో పైనే ఉంచుతాం. ఆ మర్యాద ఇంట్లో మనిషికి ఇవ్వలేకపోయా.

మొన్న టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి అడిగాడు, "మీ ఇంట్లో ఏం చేస్తారన్నా?" అని.

"నాన్న వ్యవసాయం. మా చిన్నాయన డీజే" అన్నాను.