ముసురులో దాణా బస్తా

ఏమండీ, పెరట్లో కోళ్లు పెట్టారటగా! మంచి పని చేశారు. ఏ జాతి? గ్రామప్రియలా, వనరాజాలా? హైదరాబాదు కోళ్ల పరిశోధనా కేంద్రం వాళ్లు పెరటి పెంపకం కోసమే తీసిన రకాలవి. గ్రామప్రియ గుడ్లకి, వనరాజా అటు గుడ్డుకీ ఇటు కూరకీ. నాటుకోళ్లేనంటారా, మరీ మంచిది. సరే, కోళ్ల ముచ్చట తర్వాత చెప్పుకుందాం. ముందు ఆ దాణా బస్తా ఎక్కడ పెట్టారో చెప్పండి.

వెనక వసారాలో, గచ్చు మీద, గోడకి ఆనించి. అంతేనా? అనుకున్నాను. ఎలుకలు కొట్టేస్తాయని పైన ఓ బండరాయి కూడా ఎత్తి ఉంటారు. మనవాళ్లకి మేత అనగానే ఎలుకే గుర్తొస్తుంది. గాదె కింద పందికొక్కులా మెక్కుతున్నాడని మనుషుల్ని కూడా తిట్టుకుంటాం కదా, ఆ భయం అంత పాతది. కానీ నన్నడిగితే ఎలుక నయమండీ. తిన్నంత తింటుంది, బస్తా తగ్గుతుంది, మనకి కనబడుతుంది. చెమ్మ అలా కాదు. బస్తా నిండుగానే ఉంటుంది, తూకం పైపెచ్చు కాస్త పెరుగుతుంది కూడా. లోపల మాత్రం మేత విషమైపోయి కూర్చుంటుంది.

గచ్చు పొడిగా కనిపిస్తుందండీ, నిజమే. వానాకాలంలో ఓ రాత్రి బస్తా అక్కడే ఉంచి, పొద్దున్నే పక్కకి జరిపి, కింద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగులుతుంది. ఆ నెమ్ము గోనెలోకి, గోనెలోంచి మేతలోకి పాకుతుంది. అందుకే రైసు మిల్లుల్లోనూ గోదాముల్లోనూ బస్తాల కింద చెక్కలు పరుస్తారు, గోడకీ బస్తాకీ మధ్య మనిషి నడిచేంత సందు వదుల్తారు. మన ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు. నాలుగిటుకల మీద ఓ పాత తలుపు చెక్క వేసి, గోడకి జానెడు ఎడంగా పెడితే చాలు.

అబ్బే, నేను డ్రమ్ములో పోసి మూత బిగించేశాను, నాకేం భయం అంటారా? అక్కడే ఉంది అసలు చిక్కు. మీరు పోసిన మొక్కజొన్న ఎంత ఎండింది? గింజ ప్రాణమున్నదండీ. ఊపిరి పీలుస్తుంది, వేడీ తేమా వదుల్తుంది. బాగా ఎండిన గింజ ఆ పని బహు నెమ్మదిగా చేస్తుంది. పచ్చి గింజ జోరుగా చేస్తుంది. నూటికి పన్నెండు, పదమూడు పాళ్లకి మించి తేమ ఉన్న గింజని మూత బిగించి దాచడమంటే బూజుకి పుట్టిల్లు కట్టివ్వడమే. ఆరని గింజని డ్రమ్ములో పోసేకంటే గోనెలో ఉంచి గాలి తగలనివ్వడమే మేలు. పాతర్లలో జొన్నలు దాచిన మన పెద్దలకి ఈ సంగతి బాగా తెలుసు. ముందు కరకరలాడేలా ఎండబెట్టేవాళ్లు, ఆ తర్వాతే గుంతలో పోసి మన్నుతో మూసేవాళ్లు.

ఎండిందో లేదో తెలుసుకోడానికి పంటి కింద కొరికి చూస్తారు కొందరు. గింజ టక్కుమని విరగాలి, పంటికి మెత్తగా దిగబడకూడదు. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఒకటుంది, చెబుతాను. పొడిగా ఉన్న గాజు సీసా తీసుకోండి. గుప్పెడు మెత్తటి ఉప్పుని పెనం మీద వేయించి, తడి పూర్తిగా పోయాక చల్లార్చి అందులో వెయ్యండి. పైన నాలుగైదు గుప్పెళ్ల గింజలు పోసి మూత పెట్టి ఓ నిమిషం గలగలా ఆడించండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుపోతే గింజలో తేమ నూటికి పదిహేను దాటిందన్నమాట, మళ్లీ ఎండలో పొయ్యాల్సిందే. ఉప్పు పొడిపొడిగా అడుక్కి రాలిపోతే పదిహేనుకి లోపే ఉన్నట్టు, గోనెలో ఉంచడానికి పర్వాలేదు; డ్రమ్ములో మూత బిగించాలంటే మాత్రం ఇంకో ఎండ పెట్టండి. మిషనూ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

డ్రమ్ము గురించి ఇంకో మాట. రేకుదైనా ప్లాస్టిక్‌దైనా ఎండ పడే చోట పెట్టొద్దు. పగలంతా కాగితే గింజలో తేమ ఆవిరై పైకొస్తుంది. రాత్రి మూత చల్లబడగానే ఆ ఆవిరి మూత లోపలి వైపు బొట్లు బొట్లుగా పట్టి కిందికి రాలుతుంది. పొద్దున్నే మూత తిరగేసి వేలితో రాసి చూడండి, తడి తగులుతుంది. పై పొర గడ్డకట్టి, బూడిద రంగులోనో ఆకుపచ్చగానో నూగు లేచిందంటే కారణం అదే. ఇంకొకటి, పాత డ్రమ్ము చవగ్గా వస్తోందంటే అంతకుముందు అందులో ఏం పోశారో అడగండి. పురుగుమందో రసాయనమో అన్నాడంటే ఊరికే ఇచ్చినా వద్దు.

బూజంటే ఇంత భయమేమిటండీ, పైది తీసేసి కిందది వేస్తే సరి, లేదా ఎండలో ఆరబోస్తే సరి అంటారు చాలామంది. చూడండి, 1960లో ఇంగ్లండులో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుబట్టక డాక్టర్లు దానికి టర్కీ ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. తీరా ఆరా తీస్తే దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశెనగ చెక్క దగ్గర తేలింది. దానికి పట్టిన బూజు ఓ విషం వదిలింది, అదే ఇప్పుడు మనం అఫ్లాటాక్సిన్ అంటున్నది. ఎండకి బూజు చావొచ్చు గానీ అది వదిలిన విషం ఎక్కడికీ పోదు. ఉడకబెట్టినా లొంగదు. ఉక్కపోత వాతావరణం ఆ బూజుకి మహా ఇష్టం, అంటే మన శ్రావణ భాద్రపదాలే దానికి పండగ. కోడి ఒక్కసారిగా చావకపోవచ్చు. కాలేయం చెడుతుంది, గుడ్లు తగ్గుతాయి, వేయించిన టీకా సరిగా పట్టదు. మనమేమో తెగులొచ్చిందని డాక్టరు చుట్టూ తిరుగుతాం, బస్తా వైపు చూడం.

అందుకని రోజూ దాణా తీసేటప్పుడు గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకోండి. ముక్కిన వాసన వచ్చిందా, ఇక కోళ్లకి వెయ్యొద్దు. చెయ్యి లోపలికంటా పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే ఎక్కడో కుళ్లు మొదలైనట్టే.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక తవుడు ఓ లెక్కా! పచ్చి బియ్యం తవుడులో నూనె ఎక్కువ. మిల్లులోంచి బయటపడ్డ దగ్గర్నుంచే ఆ నూనె చెడడం మొదలవుతుంది. కొద్ది రోజులకే చేదెక్కి, కోడి మూతి తిప్పుకుంటుంది. ఉప్పుడు బియ్యం తవుడు ఉడకడంలో వేడి చూసింది కాబట్టి అంత త్వరగా చెడదు. నూనె తీసిన తవుడు ఇంకా నిలవుంటుంది. కంపెనీ దాణాలో కలిపే విటమిన్లకి కూడా వేడంటే పడదు. రేకుల షెడ్డులో బస్తా పెడితే డబ్బు పెట్టి కొన్న విటమిన్లు కోడి కడుపు చేరకముందే పోతాయి.

పురుగా? ముక్కు పురుగు పట్టిందని కొందరు గగ్గోలు పెడతారు గానీ, కోడి దాన్ని ఏరుకుని మరీ తింటుంది. నాలుగు పురుగులుంటే నాకు బెంగ లేదు. గుంపులుగా పట్టి వేడీ తేమా పెంచితేనే ప్రమాదం. గింజని మర పట్టించి ఉంచొద్దు, పొట్టు ఊడగానే పిండి పురుగుకి దారి దొరుకుతుంది. ఎప్పటికప్పుడు ఆడించుకోండి. వేపాకు వేస్తే వెయ్యండి, అదే కాపాడుతుందని మాత్రం నమ్ముకోకండి. ఇక బస్తాల్లో పెట్టే ఫాస్ఫైడ్ బిళ్లలున్నాయే, ఇంట్లో వాటి ఊసే వద్దు. వాటిలోంచి వచ్చే గ్యాసు పురుగునీ మనిషినీ ఒకేలా చంపుతుంది.

ఎలుకని అసలు వదిలేశాననుకునేరు! చిట్టెలుక పెన్సిలు పట్టేంత సందులోంచి దూరిపోతుంది. అది తినే దానికంటే పెంటికలతో, మూత్రంతో పాడుచేసేది ఎక్కువ. ఎలుక జ్వరం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పైగా ఎలుక వచ్చిన చోటికి దాని వెనకే తాచు వస్తుంది, వచ్చాక గుడ్లనీ వదలదు. చీకటి పడేలోగా కోళ్ల ముందు మిగిలిన మేత ఎత్తేసి, ఒలికింది ఊడ్చేస్తే సగం బెడద వదులుతుంది. బోను పెడితే మొదటి రాత్రే పడలేదని విసుక్కోకండి. కొత్త వస్తువంటే ఎలుకకి మహా అనుమానం. నాలుగు రోజులు ఎర పెట్టి, బోను బిగించకుండా వదిలెయ్యండి. తిని అలవాటు పడ్డాక బిగించండి.

ఇంతకీ ఎంత కొనాలంటారా? రెండు మూడు వారాలకి సరిపడా. టోకున కొంటే కిలోకి రెండు రూపాయలు కలిసొస్తుందని ఆరు బస్తాలు దింపించుకునేవాళ్లని చూస్తుంటాను. ముసురు పట్టగానే అందులో రెండు బస్తాలు ముక్కిపోతాయి. ఆ లెక్క ఎవరూ వెయ్యరు. కొత్తది తెచ్చినప్పుడు పాతదాని మీద పొయ్యొద్దు. డ్రమ్ము అడుగున మిగిలిన పిండి దులిపి, కడిగి, ఎండలో ఎండేసి, అప్పుడు పొయ్యండి.

బూజు పట్టింది గేదెకైనా పెడదామని పక్కింటి పిన్నిగారు అడుగుతారు, చూస్తూ ఉండండి. ఇవ్వకండి. ఆ విషం పాలలోకి దిగుతుంది. లోతుగా గొయ్యి తీసి పాతెయ్యండి. పైన మాత్రం ఓ బండ పెట్టండి, మీ బస్తా మీద ఎత్తినది ఉంది కదా, అది చాలు. లేకపోతే తెల్లారేసరికి మీ కోళ్లే ఆ గొయ్యి గీరి బయటికి లాగుతాయి.