లైన్లో ఎవరు?

మా ఇంట్లో రేడియోకు రెండు భాషలు వచ్చు. పొద్దున తెలుగు, రాత్రి ఉర్దూ. పొద్దున ప్రాంతీయ వార్తలు, రైతుల కార్యక్రమం, సినిమా పాటలు. రాత్రి హైదరాబాదు కేంద్రం నుంచి ‘నైరంగ్’, ఇంకో పక్క లండన్ నుంచి బీబీసీ ఉర్దూ వాళ్ళ ‘సైర్‌బీన్’. మాది ఖమ్మం జిల్లాలో ఒక చిన్న టౌను. 1980లలో మేం పిల్లలం. అబ్బా రేడియో ముల్లు తిప్పుతుంటే ఆ గరగరలోంచి ఉర్దూ తేలి వచ్చేది. వెంటనే అమ్మీ లేచి కిటికీ మూసేది. గోడ అవతలి వాళ్ళకు హైదరాబాదైనా లండనైనా ఒకటే. ఉర్దూ వినబడితే అది పాకిస్తాన్ రేడియోనే. “ఏం సాయిబూ, రాత్రి మీవాళ్ళేమంటున్నారు?” అని తెల్లారి పాలకేంద్రం దగ్గర నవ్వుతూ అడిగేవాళ్ళు. అబ్బా కూడా నవ్వేవాడు. నవ్వుతూ అడిగినదానికి కోపంగా జవాబు చెబితే తప్పు మనదే అవుతుంది.

అప్పటి మన రేడియోలో జనం గొంతు కార్డు ముక్కల మీద వచ్చేది. ఫలానా ఊరి నుంచి ఫలానావాళ్ళు కోరిన పాట. తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోన్లలోనూ పాటలే అడిగారు. డాక్టరుగారిని మోకాళ్ళ నొప్పుల గురించి అడిగారు. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అయినా 2001లో బెంగుళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్ మొదలైనప్పుడు దానికి వార్తలు చెప్పే అనుమతి ఇవ్వలేదు. కాబట్టి ఒక మనిషి మైకు ముందు కూర్చుని దేశం మీదా జనం మీదా ఇష్టమొచ్చినట్టు మాట్లాడటం, ఊళ్ళోవాళ్ళు ఫోన్లు చేసి సై అంటే సై అనడం మేం ఇక్కడి రేడియోలో వినలేదు. అమెరికాలో విన్నాం.

2005లో, పెళ్ళయిన కొత్తలో, వర్జీనియా వెళ్ళాం. వాషింగ్టన్ పక్కనే. మాలో ఒకరికి కంప్యూటర్ ఉద్యోగం. ఇంకొకరికి ఆ ఉద్యోగం నీడన వచ్చే డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు అప్పట్లో పని చేయకూడదు. వాళ్ళలో కొందరికైనా పని చేసే హక్కు 2015లో గాని రాలేదు. బి.ఏ. చదివి, రెండు భాషల్లో రాయగలిగిన మనిషికి ఆ వంటింట్లో దొరికిన తోడు రేడియో. ఆఫీసుకు పోయే మనిషికి కారులో రేడియో. రాత్రి అన్నాల దగ్గర ఇద్దరం విన్నవి చెప్పుకొనేవాళ్ళం.

అక్కడ దాన్ని టాక్ రేడియో అంటారు. పాటలుండవు. ఒక హోస్టు ఉంటాడు, ఒక ఫోన్ నంబరుంటుంది. పొద్దున ట్రాఫిక్‌లో ఇరుక్కున్న జనం, మధ్యాహ్నం లారీలు తోలేవాళ్ళు, ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు ఫోన్ చేస్తారు. ఫోన్ ముందు హోస్టు దగ్గరికి పోదు. ఇంకొకరు ఎత్తుతారు. పేరేమిటి, ఎక్కడి నుంచి, ఏం మాట్లాడతారు అని అడిగి కంప్యూటర్‌లో కొడతారు. హోస్టు ఎదుట తెర మీద ఆ వరస కనబడుతుంది. ఎవర్ని ముందు పిలవాలో, ఎవర్ని ఆపాలో, ఎవరి గొంతు నొక్కాలో అతనిష్టం. మాట గాలిలోకి పోయే ముందు కొన్ని సెకన్లు ఆగుతుంది. బూతు వస్తే మీట నొక్కి తీసేయడానికి ఆ గడువు. అందుకే ఫోన్ కలవగానే మొదట చెప్పే మాట “మీ రేడియో సౌండు తగ్గించండి” అని. మాట్లాడాలంటే ముందు వినడం ఆపాలన్నమాట.

ఈ వ్యవహారం ఊరికే పుట్టలేదు. వివాదమున్న ప్రజా విషయం మీద మాట్లాడే స్టేషన్ ఎదుటి పక్షానికి కూడా చోటివ్వాలని అక్కడ 1949 నుంచి ఒక నియమం ఉండేది. 1987లో ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి. దాన్ని ఎత్తేసింది. మరుసటేడే, కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో స్థానిక స్టేషన్‌లో మాట్లాడుతుండిన రష్ లింబా దేశమంతటికీ మాట్లాడటం మొదలుపెట్టాడు. 2021లో చనిపోయేదాకా మాట్లాడాడు. ఆయన దారిలో ఊరూరా ఎందరో వచ్చారు.

అయితే నోరున్న హోస్టులంతా ఒకే గూటివాళ్ళు కారు. డెన్వర్‌లో అలన్ బెర్గ్ అని ఒక యూదు ఉండేవాడు. లాయరు పని వదిలి రేడియోకు వచ్చినవాడు. యూదుల్ని ద్వేషించేవాళ్ళు ఫోన్ చేస్తే వదిలేవాడు కాదు, కడిగేవాడు. 1984 జూన్ 18 రాత్రి ఇంటి ముందు కారు దిగుతుంటే తెల్లజాతి దురహంకారుల ముఠా ఒకటి అతన్ని కాల్చి చంపింది. మైకు ముందు గెలిచిన మైనారిటీ మనిషి తన ఇంటి గుమ్మం దగ్గర ఓడిపోయాడు. ఈ కథ మాకు చెప్పింది మా పై అంతస్తులో ఉండే పెద్దమనిషి. అతనూ యూదే. చెప్పి, “వాడి నోరు నాకూ నచ్చేది కాదు. కానీ రోజూ వినేవాణ్ణి” అన్నాడు.

మేం వెళ్ళిన ఏడాది, జూలైలో, లండన్ రైళ్ళలో బాంబులు పేలాయి. ఆ నెలలోనే వాషింగ్టన్‌లోని డబ్ల్యు.ఎం.ఎ.ఎల్. స్టేషన్‌లో మైకేల్ గ్రాహం అనే హోస్టు, ఇస్లాం ఒక టెర్రరిస్టు సంస్థ అన్నాడు. మతాన్నే సంస్థ అనేశాక అందులో పుట్టినవాళ్ళంతా సభ్యులే కదా. సభ్యత్వ రుసుం కట్టకుండానే మేం సభ్యులమైపోయాం. ముస్లిం సంఘాలు అభ్యంతరం చెప్పాయి. స్టేషన్ అతన్ని ముందు పక్కన పెట్టి, ఆగస్టులో తీసేసింది. మావాళ్ళు సంతోషించారు. మాకు మాత్రం గుబులు పోలేదు. ఒక హోస్టును తీసేయొచ్చు. ఫోన్ చేసి అతనికి సెబాసన్నవాళ్ళను ఎక్కడి నుంచి తీసేస్తారు? వాళ్ళు ఏ కొట్లో సరుకులిస్తున్నారో, ఏ బస్సులో మా పక్కన కూర్చున్నారో!

ఆ రోజుల్లోనే మేమూ ఒకసారి ఫోన్ చేశాం. ఇంకో చిన్న స్టేషన్ అది. ఆ రోజు విషయం ఇంటి అద్దెలు. అప్పట్లో అక్కడ ఇళ్ళ ధరలు ఆకాశానికి పోతున్నాయి. అద్దె అపార్టుమెంట్లను ముక్కలుగా అమ్ముకోవడం జోరుగా సాగుతోంది. మేముండే చోట కూడా నోటీసు అంటించారు. కొనండి, లేకపోతే ఖాళీ చేయండి అని. కోపం పట్టలేక నంబరు నొక్కాం. ఫోన్ ఒకరి చేతిలో, రేడియో మీట ఒకరి చేతిలో. పేరు అడిగారు, చెప్పాం. ఇంకోసారి చెప్పమన్నారు, చెప్పాం. స్పెల్లింగ్ అడిగారు. ఇరవై నిమిషాలు ఆగాక మా వంతు వచ్చింది.

“అద్దెల సంగతి తర్వాత. మీరు ఫోన్ చేశారు కాబట్టి అడుగుతున్నా. లండన్‌లో జరిగిందాని మీద మీవాళ్ళెందుకు నోరెత్తరు?” అన్నాడు హోస్టు. గొంతు మర్యాదగానే ఉంది. ఖండిస్తున్నాం అన్నాం. మరి మీ మసీదులో చెప్పారా అన్నాడు. చెప్పారన్నాం. అన్ని మసీదుల్లో చెప్పారా అన్నాడు. అన్ని మసీదులకూ మేం పోలేదన్నాం. థాంక్స్ చెప్పి లైను తీసేశాడు. రేడియో సౌండు పెంచేసరికి మా చివరి మాట మాకే వినబడింది. అద్దె అన్న మాట మా నోటి నుంచి రానేలేదు.

ఇంకో ఇద్దరు మాట్లాడాక ఒక ముసలావిడ వచ్చింది. “ఇందాక ఒకతను అద్దె గురించి ఫోన్ చేశాడుగా, అతన్ని చెప్పనివ్వలేదేం? నాకూ ఆ నోటీసే వచ్చింది” అంది. హోస్టు నవ్వేసి మాట మార్చాడు. ఆమె ఎవరో, ఏ రంగో, ఏ మతమో తెలియదు. మాకా దేశం గుర్తొస్తే మొదట గుర్తొచ్చేది ఆ గొంతే.

2006 నవంబరు చివర్లో, అదే డబ్ల్యు.ఎం.ఎ.ఎల్. స్టేషన్‌లో జెర్రీ క్లైన్ అనే హోస్టు ఒక మాట వదిలాడు. ముస్లింలందరికీ నెలవంక గుర్తు పచ్చబొట్టు పొడవాలి, లేదా చేతికి పట్టీ కట్టాలి అన్నాడు. ఫోన్లు వెల్లువెత్తాయి. మొదట చేసిన మనిషి, నీకు మతి పోయిందా అన్నాడు. రెండో మనిషి మెచ్చుకుని, పచ్చబొట్టు నుదుటి మీదే పొడవాలి, పొడిచి దేశం నుంచి పంపేయాలి అన్నాడు. ఇంకొకతను, గుర్తులతో ఏం లాభం, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌వాళ్ళను పెట్టినట్టు శిబిరాల్లో పెట్టాలి అన్నాడు. గంట గడిచాక క్లైన్ అసలు సంగతి చెప్పాడు. ఇదంతా పరీక్ష కోసం ఆడిన నాటకమన్నాడు. తన మాటకు ఒక్క క్షణమైనా ఒప్పుకున్నవాళ్ళను చూసి అసహ్యపడ్డాడు. జర్మనీలో యూదులకు జరిగింది ఎలా జరగగలిగిందో మీరే చూపించారన్నాడు.

వారం తిరక్కముందే ఈ సంగతి వార్తా సంస్థల ద్వారా లోకమంతా తెలిసింది. ఆ వేసవిలోనే గ్యాలప్ సంస్థ జరిపిన సర్వేలో, పౌరులైన ముస్లింలు కూడా ప్రత్యేక గుర్తింపు కార్డు పెట్టుకోవాలన్నవాళ్ళు నూటికి 39 మంది.

మన దగ్గర ఖాదర్ మొహియుద్దీన్ 1991లో ‘పుట్టుమచ్చ’ రాశారు. ఆ పేరుకు అర్థం మాకు పుస్తకంలో సగమే తెలిసింది. మిగతా సగం వర్జీనియా వంటింట్లో తెలిసింది. మచ్చ పుట్టుకతో వస్తుంది. పచ్చబొట్టు ఎవరో ఒకరు పొడవాలి. పొడిచేవాడికి సూది అందించే చేతులు చాలా కావాలి. ఆ చేతులే ఆ గంటసేపు ఫోన్లు పట్టుకున్నాయి.

2007 మొదట్లో తిరిగి వచ్చాం. ఆ మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చనిపోయినవాళ్ళు జుమ్మా నమాజుకు వచ్చినవాళ్ళు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లలనే. కేసులు పెట్టారు, జైళ్ళలో వేశారు. చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. ఆ వారం తెలుగు టీవీల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. “మీ టీవీ సౌండు తగ్గించండి” అన్న మాట విని ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ప్రశ్న కూడా మాకు తెలిసిందే. మావాళ్ళ జనాజాలు ఇంకా లేవకముందే, మీవాళ్ళెందుకు ఖండించరని మమ్మల్నే అడిగారు. మన రేడియోలో లేని హోస్టు మన టీవీల్లో పుట్టాడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, తబ్లీగీల పేరు చెప్పి చానళ్ళు రాత్రింబవళ్ళు అరిచినప్పుడు, దేశంలో చాలాచోట్ల కూరగాయల బండివాణ్ణి ధర అడగక ముందు పేరు అడిగారు.

మేం పత్రికల్లో పనిచేసేవాళ్ళం. ఒకరోజు ఉర్దూలో రాస్తాం, ఒకరోజు తెలుగులో. రంజాన్ వస్తే హలీం మీద రాయమని ఫోన్ వస్తుంది. ఎక్కడో బాంబు పేలితే, ముస్లింలు ఏమనుకుంటున్నారో రాయమని వస్తుంది. కృష్ణా నీళ్ళ మీద రాయమని రాదు. పత్తి ధర మీద రాయమని రాదు. మాకిచ్చే చోటు జవాబు చెప్పే చోటే. సొంతంగా ఒక మాట మొదలుపెట్టే చోటు కాదు. పాలకేంద్రం దగ్గర నవ్వుతూ అడిగినా, మైకు ముందు మర్యాదగా అడిగినా, టీవీలో అరిచి అడిగినా జరిగేది ఒకటే. మా అద్దె సంగతి మిగిలిపోతుంది.

హోస్టును తిట్టడం తేలిక. అతనికి జీతముంది, రేటింగు ఉంది, ఉద్యోగం పోయే భయమూ ఉంది. ఫోన్ చేసేవాడికి ఇవేవీ లేవు. లాభం లేకపోయినా తనంతట తాను నంబరు నొక్కి, ఇరవై నిమిషాలు కాచుకుని మరీ ఆ మాట అంటాడు. మా భయమంతా అతనితోనే. మా ఆశ కూడా అక్కడే ఉంది. నీకు మతి పోయిందా అన్నవాడూ ఫోన్ చేసినవాడే. అతన్ని చెప్పనివ్వలేదేం అని అడిగిన ముసలావిడా ఫోన్ చేసినావిడే. ఆమె మా మతాన్ని వెనకేసుకు రాలేదు. మంచి ముస్లింలు కూడా ఉంటారని సర్టిఫికెట్ ఇవ్వలేదు. మా మాట మాకు ఇప్పించమంది, అంతే.

చదివేవాళ్ళను మేం అడిగేదీ అంతే. ఈసారి లైన్లో మా పేరు వినబడితే, మమ్మల్ని ఏం అడగాలా అని వెతుక్కోకండి. “చెప్పండి, ఏం సంగతి?” అనండి. మేం చెప్పేది బహుశా మా గల్లీలో పొంగిన డ్రైనేజీ గురించి అయివుంటుంది. అది మీ గల్లీ దాకా కూడా వచ్చే ఉంటుంది.